మామ్మ నోట్లో నా పళ్లు

పోయిన వారం ఢిల్లీ సాకేత్‌లో నాకు కొత్త పన్ను పెట్టారు. బాదం పప్పు కొరకబోయి పగలగొట్టుకున్న పన్నుకి తొడుగు. కుర్ర డాక్టరు నా నోట్లో పెన్ను లాంటి కెమెరా ఒకటి తిప్పాడు. పక్కనున్న తెర మీద నా పై దవడ మొత్తం రంగుల్లో తేలింది. అచ్చు తీయలేదు, ప్లాస్టర్ కలపలేదు, మైనం కరగలేదు. ఒకప్పుడు అదే పని చేత్తో చేసినదాన్ని కాబట్టి నేను తిరనాళ్లలో రంగులరాట్నం చూసే పిల్లలా నోరు తెరుచుకుని చూశాను. ఎలాగూ తెరిచే ఉంచమన్నాడు. తొడుగు అమర్చి, నీలం కాగితం కొరికించి, "కంఫర్టబుల్, మ్యామ్?" అన్నాడు. కొరికితే బాగానే ఉంది. కానీ వెనక అంచు బుగ్గకి తగులుతున్నట్టు నాలుకకి తెలుస్తూనే ఉంది. అయినా నా నోరు నన్నొక్క మాటైనా అడక్కుండా "ఫస్ట్ క్లాస్ బేటా" అనేసింది. బయట కౌంటరు దగ్గర అమ్మాయి చేతికో టాబ్లెట్ ఇస్తే ఐదు నక్షత్రాలూ నొక్కేసి లిఫ్టు ఎక్కాను. ఫరీదాబాద్ మెట్రోలో ఎదుటి సీట్లో చంటివాడొకడు నన్ను చూసి బోసినవ్వు నవ్వాడు. నేనూ నవ్వాను. చటుక్కున బుగ్గ కొరుక్కున్నాను. కళ్లలో నీళ్లు తిరుగుతుండగా ఏస్తేరమ్మ మామ్మ గుర్తొచ్చింది. గుర్తు రాగానే నవ్వాగలేదు, మళ్లీ కొరుక్కున్నాను.

కొత్త శతాబ్దం వచ్చిన కొత్తల్లో మేం మునిర్కాలో ఉండేవాళ్లం, అమ్మా నేనూ. నాన్న బాపట్ల దగ్గర మా ఊళ్లో స్కూలు మాస్టారు. సెలవులకి వచ్చి, ఢిల్లీ నీళ్లు పడట్లేదని సణిగి వెళ్లిపోయేవాడు. అమ్మ ఒక పెద్దాసుపత్రిలో నర్సు. మాకు రెండు గదులు, వాటికి ఒక్కటే కిటికీ, ఆ కిటికీకి చేయి చాపితే అందేంత దగ్గరలో పక్కింటి కిటికీ. అందులో యూనివర్సిటీ కుర్రాళ్లు దేశాన్ని ఎలా మార్చాలో వాదించుకుంటూ ఉల్లిపాయలు తరుక్కునేవాళ్లు. మా పైన డాబా మీది ఒంటరి గదిలో ఏస్తేరమ్మ మామ్మ ఉండేది. మాకు రక్తసంబంధం లేదు. అమ్మకంటే ముందు తరం నర్సు, మా పక్క ఊరిది. అమ్మ చేత దరఖాస్తు పెట్టించి, రైలు దిగిన రోజు స్టేషన్‌కి వచ్చి, తన గదిలోనే చాప పరిచిన మనిషి. రిటైరయ్యాక కూడా ఊరికి పోలేదు. "ఆడికి పోయి నేనేం జెయ్యను, ఈడైతే నన్ను తిట్టేదానికి మీరన్నా ఉండారు," అనేది. ఇస్త్రీ చేసిన తెల్లచీర, నీలగిరి తైలం వాసన, ఎప్పుడూ మూతికి అడ్డం పెట్టుకునే కొంగు. నవ్వినా కొంగే, దగ్గినా కొంగే, మగవాళ్లు ఎదురైతే సరేసరి.

కానీ పాడేటప్పుడు ఆ కొంగు ఎక్కడికి పోయేదో! పొద్దున్నే ఇంటి ఓనరు నీళ్ల మోటారు వేయగానే మామ్మ డాబా మీద ట్యాంకు పక్కన బకెట్టు పెట్టుకుని కీర్తన అందుకునేది. మా ఇంట్లో గడియారం ఉండేది కానీ దాన్ని ఎవరూ లెక్కచేసేవాళ్లు కాదు. మామ్మ పల్లవిలో ఉంటే అమ్మ జడ వేసుకోవాలి, మొదటి చరణానికి ఇడ్లీ పొయ్యి మీదికి ఎక్కాలి, చివరి చరణం పైస్థాయికి వెళ్లేసరికి నేను దుప్పట్లోంచి బయటికి రావాలి. పక్కింటి కుర్రాళ్లలో ఒక బీహారు అబ్బాయి కిటికీలోంచి "దాదీ, ఆజ్ సన్‌డే హై!" అని బతిమాలేవాడు. మామ్మ ఆదివారం మరింత గట్టిగా పాడేది. చర్చిలో మా తెలుగు ఆరాధన మధ్యాహ్నాలు జరిగేది, పొద్దున హిందీవాళ్లదీ ఇంగ్లీషువాళ్లదీ అయిపోయాక. ప్రతి క్రిస్మస్‌కీ ఆఖరి పాట మామ్మదే. దాని చివరి చరణంలో గొంతు ఒకచోట పైకెళ్లి అక్కడే నిలబడాలి. అప్పుడు మామ్మ తల పైకెత్తి, నోరు బార్లా తెరిచి, కళ్లు మూసుకునేది. ఆ ఒక్క చోటు కోసం గుర్గావ్ నుంచీ ఫరీదాబాద్ నుంచీ జనం పిల్లల్ని చంకనేసుకుని వచ్చేవాళ్లు.

నేను పళ్లు చేసేదాన్ని. ఈ మాట అనగానే ఎదుటివాళ్లు ఠక్కున నోరు మూసుకునేవాళ్లు, నేనేదో లెక్కపెడతానని! కట్టుడు పళ్లు తయారుచేసే డెంటల్ ల్యాబ్‌లో పని నాది. మునిర్కాలోనే, ఒక మిఠాయి దుకాణం వెనక మెట్లెక్కితే పొడుగాటి గది. డాక్టర్లు రోగుల నోటి అచ్చులు పంపిస్తారు. వాటిలో ప్లాస్టర్ పోస్తే చిగుళ్ల ఆకారం వస్తుంది, దాని మీద మైనం పరిచి పళ్లు పేర్చాలి, ఆ మైనాన్ని మరిగే నీళ్లతో కడిగేసి దాని స్థానంలో గులాబీరంగు ప్లాస్టిక్ పిండి నింపి ఉడికించాలి. ఆ పిండిలో కలిపే మందు ఘాటు ముక్కులోంచి నెత్తికెక్కేది. ఇంటికొస్తే అమ్మ దగ్గర డెట్టాల్ వాసన, నా దగ్గర ఈ వాసన, పైనుంచి దిగే మామ్మ దగ్గర నీలగిరి తైలం. మా మూడు వాసనల మధ్య పాపం పప్పుచారు పోపు ఏ మూలో ఉండేది. నాకు ఆ పని పిచ్చి. మైనం కత్తిని మంట మీద చూపించి పన్ను చుట్టూ చిగురు దిద్దుతుంటే నా చేతులు చూసి నాకే ముచ్చటేసేది.

మా ఓనరు భాటియా గారు. మంచి పనిమంతుడు, మనుషులంటే మాత్రం గిట్టదు. "కస్టమర్ సే దూర్ రహో, కామ్ అచ్ఛా రహేగా" అన్నది ఆయన మూలమంత్రం. ల్యాబ్ వాళ్లు రోగిని చూడకూడదు, రోగికి ల్యాబ్ ఎక్కడుందో తెలియకూడదు, ఏ మాటైనా డాక్టరు ద్వారానే. మాకు ఒక్కొక్కరూ ఒక్కో ప్లాస్టర్ దవడ, అంతే. వయసు, ఆడా మగా, పళ్ల రంగు. పెట్టుకున్నాక ఆ మనిషి ఎలా నవ్వాడు, చెరుకు ముక్క కొరకగలిగాడా, మనవరాలు ముద్దు పెట్టుకుందా, ఏదీ మాదాకా వచ్చేది కాదు. ఇది నన్ను తినేసేది. బస్సెక్కితే ముసలివాళ్ల నోళ్లు చూసేదాన్ని. ఒకసారి ఒక పంజాబీ ఆవిడ ఎదురుగా కూర్చుని ఆవలించింది, ముందు పళ్ల వరస నా పనే అనిపించింది! వంగి వంగి చూశాను. ఆవిడ పర్సు గుండెకి హత్తుకుని "క్యా దేఖ్ రహీ హో?" అని గద్దించింది. "ఆప్ కే దాంత్, ఆంటీ" అన్నాను నిజాయితీగా, మీ పళ్లేనని. ఆవిడ తర్వాతి స్టాపులో దిగిపోయింది.

అలాంటి నాకు మామ్మ పళ్లు దొరికాయి. ఆమె చిగుళ్లు ఎప్పట్నుంచో పాడైపోయి, ఆ ఏడు ఎండాకాలానికి మిగిలిన పళ్లన్నీ తీయించాల్సి వచ్చింది. సాకేత్ మార్కెట్లో డాక్టర్ అరోరా అని, మా ల్యాబ్‌కి అచ్చులు పంపేవాళ్లలో ఒకాయన. అమ్మ మామ్మని ఆయన దగ్గరికి తీసుకెళ్లింది. చిగుళ్లు మానాక అచ్చు మా ల్యాబ్‌కి రాగానే "ఇది నాది!" అని ఎగిరి గంతేశాను. భాటియా గారు కళ్లజోడు దించి చూశారు కానీ కాదనలేదు. ఎంత ఇష్టంగా చేశానో చెప్పలేను. తళతళలాడే తెలుపు వద్దని కాస్త పాతబడ్డ రంగు ఎంచాను. నర్సు టోపీ పెట్టుకున్న ఆమె పాత ఫొటోలో ముందు పన్ను ఒకటి కొంచెం పక్కకి ఒరిగి ఉంటుంది. నేనూ అలాగే ఒరిగించాను. పై సెట్టు వెనక అంచులు, బుగ్గల లోపలికి వెళ్లేవి, భాటియా గారు అందరికీ చెప్పినట్టే మందంగా ఉంచాను. పల్చగా చేస్తే విరిగి వెనక్కి వస్తాయి, మందంగా ఉంటే రావు. అది మా ల్యాబ్ అనుభవసారం.

పళ్లు పెట్టించుకుని వచ్చిన రోజు మామ్మ మెట్ల మీదే దొరికింది. కొంగు పక్కకి తీయించి చూశాను. ఫొటోలో మనిషి! నేను చేసిన పళ్లు మొదటిసారి ఒక మనిషి నోట్లో చూస్తున్నాను, అందులోనూ మా మామ్మ నోట్లో.

"ఎట్టా ఉన్నాయి మామ్మా? నిజం చెప్పు."

"బంగారంలాగుండాయే తల్లీ. పుట్టిన పళ్లు కూడా ఇట్టా లేవనుకో."

"నొప్పేమన్నా?"

"నొప్పా! నీ చేతిలో ఏం మహిమ ఉందోనే కరుణా, పెట్టుకున్నట్టే లేదు."

ఆ మాటలు ల్యాబ్‌లో అందరికీ చెప్పాను, భాటియా గారికి రెండుసార్లు చెప్పాను, ఉల్లిపాయల కుర్రాళ్లకి కూడా కిటికీలోంచి చెప్పాను. వాళ్లు ఉద్యమ నినాదంలా "దాదీ కే దాంత్, జిందాబాద్!" అని అరిచారు. నేను గాల్లో తేలుతున్నాను. ఆ తేలడంలో నాకు వినపడాల్సింది వినపడలేదు. డాబా మీద పాట ఆగిపోయింది. అమ్మ రెండుసార్లు డ్యూటీకి ఆలస్యంగా వెళ్లింది. అడిగితే మామ్మ చలి అంది, పొగమంచు గొంతులో దిగుతోందంది. నవంబరు ఢిల్లీలో ఆ మాట ఎవరైనా నమ్ముతారు. తర్వాత ఒక ఆదివారం చర్చిలో, పాటలవాళ్ల బెంచీలో ఉండాల్సిన మామ్మ వెనక వరసలో కనబడింది. మూతికి కొంగు. పెదాలు కదులుతున్నాయి, శబ్దం లేదు. ఆరాధన అయ్యాక పాటలు నడిపించే ఆయన అమ్మతో అన్నాడు, "క్రిస్మస్ పాట ఇంకెవరికన్నా ఇయ్యమన్నారండీ మామ్మగారు. ఇంక పాడరంట." క్రిస్మస్ నాలుగడుగుల దూరంలో ఉంది. ఆ చివరి చరణం ఆవిడ తప్ప పాడేవాళ్లు లేరు. నాకైతే ఆ పాట లేని క్రిస్మస్ ఊహకే అందలేదు.

మర్నాడు ల్యాబ్‌కి సెలవు పెట్టాను. డాబా మీద ఎండ కాసింది. మామ్మ చాప మీద కూర్చుని బఠాణీలు ఒలుస్తోంది, నేను వెళ్లి ఎదురుగా కూలబడ్డాను.

"పాడు మామ్మా."

"గొంతు బాలేదే."

"గొంతు బాగానే ఉంది, ఇందాక కూరగాయల భయ్యాతో బేరమాడావుగా, కిందికి వినపడింది. పాడు."

"దేవుడు ఇంక చాలు నోరు మూసుకోమన్నాడులేవే."

"దేవుడు నాకా మాట చెప్పలేదు. పాడు."

చివరికి నా పోరు పడలేక ఆఖరి చరణం అందుకుంది. కింది స్థాయిలో బ్రహ్మాండంగా ఉంది. గొంతు పైకి వెళ్లింది, తల పైకి లేచింది, నోరు బార్లా తెరుచుకుంది. అంతే! పై సెట్టు టప్పున ఊడి బఠాణీల పళ్లెంలో పడింది. నా పళ్లు, పచ్చటి బఠాణీల మధ్య, ఫొటోలోలాగా కాస్త పక్కకి ఒరిగి నవ్వుతున్నాయి.

మామ్మ కళ్లలో భయం, తన పాట పోయినందుకు కాదు, నేనేమనుకుంటానోనని. "నీ తప్పేం లేదే తల్లీ," అంది బోసినోటితో. "తినేదానికి బానే ఉండయ్. మాట్టాడేదానికి బానే ఉండయ్. పాడితేనే... నువ్వంత ఇదిగా చేశావు, నీకు ఎట్టా చెప్పేది? ఆ డాక్టరు బాబు కూడా ఎంతో మర్యాదగా అడిగాడు. పెద్దమనిషి అడిగితే బాలేదని మొహం మీద అంటామా?" అప్పుడే డ్యూటీ నుంచి వచ్చి మెట్లెక్కిన అమ్మ ఈ మాటలు విని నడుం మీద చేయి పెట్టుకుంది. "మొహమాటానికి పోతే కడుపొచ్చిందంట ఎవత్తికో! ముప్పయ్యేళ్లు రోగులకి ఎక్కడ నొప్పో చెప్పండని చెప్పిందానివి, నీ నోట్లో ఏం పెట్టుకున్నావ్?" "కరుణ పళ్లు," అంది మామ్మ. నాకు ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

బాధపడాలి కదా, చేతకానిదాన్నని కుంగిపోవాలి కదా. నాకు మాత్రం గుండె గంతులేసింది! ఇన్నేళ్లలో ఒక్క నోరు నాకు నిజం చెప్పింది. విరిగిన పళ్లు వెనక్కి వస్తాయి కాబట్టి విరగడం గురించి మా ల్యాబ్‌కి క్షుణ్ణంగా తెలుసు. ఊడి బఠాణీల్లో పడ్డవి వెనక్కి రావు. కొంగు అడ్డం పెట్టుకుని, బాగుందని చెప్పి, పాడటం మానేసిన మనుషుల గురించి మాకు అక్షరం ముక్క తెలియదు. ఆ పళ్లని కొంగుతో తుడిచి అక్కడే తిప్పి తిప్పి చూశాను. ఎందుకు ఊడాయో తెలియలేదు. చిగుళ్లకి సరిగ్గానే కూర్చున్నాయి. నోట్లో పెట్టుకుని పాడుతుంటే తప్ప తెలిసే విషయం కాదని మాత్రం తెలిసింది. భాటియా గారిని అడిగితే చేయి ఊపేశారు. "డాక్టర్ భేజేగా తో దేఖేంగే." డాక్టరు ఎందుకు పంపుతాడు, ఆవిడ బాగుందని చెప్పాక! అమ్మ డ్యూటీలో ఉంటుంది కాబట్టి నేనే భాటియా గారిని ఒక పూట సెలవడిగి, మామ్మని డీటీసీ బస్సెక్కించి సాకేత్ బయలుదేరాను. దారంతా మామ్మ నా చేయి పట్టుకుని, "ఆయన్ని ఏమీ అనమాకే, మంచి పిల్లోడు" అని బతిమాలుతూనే ఉంది.

డాక్టర్ అరోరా క్లినిక్ గాజు తలుపు తోసినప్పుడు నాకు పెళ్లిచూపులకి వెళ్తున్నంత హడావిడి. ఎన్నిసార్లు ఆ పేరు అట్టపెట్టెల మీద చదివానో. చల్లటి గది, చేపల తొట్టి, వరసగా కుర్చీల్లో రోగులు, మా ల్యాబ్ ఘాటు మచ్చుకైనా లేదు. లోపల డాక్టరు నిజంగానే మంచివాడు, నాకంటే నాలుగైదేళ్లు పెద్ద ఉంటాడేమో. "మా జీ, కోయీ తక్లీఫ్?" అని, కన్నతల్లిని ఇబ్బందేమైనా ఉందా అని అడిగినట్టు అడిగాడు. నేను చూస్తుండగానే మామ్మ మొహం మారిపోయింది, చర్చిలో పాస్టరమ్మ పలకరించినప్పటి నవ్వు వచ్చేసింది. "నహీ బేటా, బహుత్ అచ్ఛా హై," అంది. ఆయన నోరు తెరవమంటే వేలెడు తెరిచింది, మర్యాదగా, కొంగు చివర పట్టుకుని. ఆయన అటూ ఇటూ నొక్కి చూశాడు. "ఫిటింగ్ తో పర్ఫెక్ట్ హై," అన్నాడు. మామ్మ అప్పుడే కుర్చీ దిగబోయింది.

"డాక్టర్ సాబ్," అన్నాను. "ఏ దాంత్ మైనే బనాయే హై. ఇన్‌కో గానా గవాయియే."

ఈవిడ చేత పాట పాడించండి అంటే ఆయనకి అర్థం కాలేదు. నా హిందీ సంగతి పక్కన పెట్టి, ఈ పళ్లు చేసింది నేనని ఒకసారి, మామ్మ చర్చిలో పాడుతుందని ఒకసారి, బఠాణీల సంగతి చేతులతో అభినయిస్తూ ఒకసారి చెప్పాను. ఆయన పగలబడి నవ్వి, మాస్కు కిందికి లాగి, స్టూలు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాడు. "మా జీ, గాయియే," అని పాడమన్నాడు. మామ్మ తెలుగులో నన్ను తిట్టడం మొదలుపెట్టింది. "సిగ్గు లేదటే నీకు, బయట అంతమంది కూచోనుండారు, పంటి డాక్టరు కుర్చీలో పాటేందే!" నేను వంగి చెవిలో అన్నాను, "అడగందే అమ్మైనా పెట్టదు మామ్మా. నువ్వు పాడకపోతే నాకెట్టా తెలుస్తుంది? క్రిస్మస్‌కి వాళ్లందరికీ ఏం చెప్తావు, కరుణ నోరు కట్టేసిందనా?" అది తగిలింది. కొంగు వదిలేసి చేతులు రెండూ కుర్చీ మీద పెట్టింది. పాడింది.

సన్నటి గొంతు మొదట. తర్వాత కొంచెం పెద్దది. బయట కుర్చీల్లో గుసగుసలు ఆగిపోయాయి. పైస్థాయికి వెళ్లేసరికి పై సెట్టు జారిపోయింది, ఈసారి డాక్టరు అరచేతిలోకి. "అరే వాహ్!" అని ఆయన లేచి నిలబడ్డాడు, దొంగ దొరికినట్టు. అంచుల మీద తెల్లటి పేస్టు రాసి మళ్లీ పెట్టాడు, మళ్లీ పాడమన్నాడు, తీసి చూస్తే కుడివైపు వెనక కొసన పేస్టు శుభ్రంగా చెరిగిపోయి ఉంది. భాటియా గారి మందపు అంచు! నోరు మామూలుగా తెరిస్తే ఏమీ కాదు. బార్లా తెరిస్తే కింది దవడ ఎముక ముందుకు జరిగి ఆ మందాన్ని తోసేస్తుంది. ప్లాస్టర్ దవడ నోరు తెరవదు, అందుకే మా బల్ల మీద అది ఎప్పటికీ తెలిసే విషయం కాదు. వేలెడు తెరిచి మర్యాదగా కూర్చున్న నోట్లో డాక్టరుకీ తెలిసేది కాదు. ఆయన అరగదీసే మిషను నా చేతికిచ్చి "తుమ్ కరో" అన్నాడు. కొంచెం అరగదీశాను, మామ్మ పాడింది, జారింది. ఇంకొంచెం అరగదీశాను, పాడింది, ఊగింది. ఎడమవైపు కూడా తీశాను. తలుపు సందులోంచి ఒక సర్దార్జీ బుగ్గ వాచిన మొహం లోపలికి పెట్టి చూస్తున్నాడు, కౌంటరు అమ్మాయి ఫోను ఎత్తడం మానేసింది. ఈసారి మామ్మ తల పైకెత్తింది, కళ్లు మూసుకుంది, నోరు బార్లా తెరిచింది, గొంతు పైకెళ్లి అక్కడే నిలబడింది. పళ్లు కూడా నిలబడ్డాయి! సర్దార్జీ బుగ్గ పట్టుకునే చప్పట్లు కొట్టడానికి ప్రయత్నించాడు. నేను డాక్టరు ముందు, మిషను చేత్తో పట్టుకుని, చిన్నపిల్లలా గెంతాను.

ఆ క్రిస్మస్ మధ్యాహ్నం చర్చిలో ఊదారంగు స్వెట్టర్లూ పట్టుచీరలూ కలిసిపోయి, కేకు వాసనా పులిహోర వాసనా కలిసిపోయి, పిల్లలు హిందీలో కొట్టుకుంటూ, పెద్దలు తెలుగులో విడదీస్తూ, ఎప్పటిలాగే గోలగా ఉంది. ఆఖరి పాటకి మామ్మ లేచింది. సెలవుకి వచ్చిన నాన్న కూడా సణగడం మానేసి కూర్చున్నాడు. నేను పాట వినలేదు, నిజం చెప్పాలంటే. రెండు గుప్పిళ్లూ బిగించి పై సెట్టునే చూస్తున్నాను. ఆ చోటు వచ్చింది. పైకి వెళ్లింది. నిలబడింది. మా వరసలో ఎవరో పసిబిడ్డ ఏడుపు ఆపింది. ఇన్ని వందల సెట్లు చేసినదాన్ని, నా పని ఏమిటో నాకు ఆ రోజు తెలిసింది, ముక్కు చీదుకుంటూ అమ్మ భుజాన పడ్డాను.

పాట అయ్యాక జనమంతా మామ్మ చుట్టూ మూగారు. ఆమె వాళ్లని తప్పించుకుని నా దగ్గరికొచ్చి చెవి పట్టుకుని దగ్గరికి లాక్కుంది. దీవిస్తుందనుకున్నాను.

"ఇంద విను. కింది సెట్టు ఎడం పక్కన గుచ్చుకుంటంది. ముందు పన్ను ఒరిగించావు, బానే ఉంది కానీ నాలిక్కి తగులుతంది. రేపు చూడు."

ఆ రోజు నుంచి మామ్మ నాకు ఫిర్యాదులు చెప్పని వారం లేదు. జంతిక విరగడం లేదని, వేడి కాఫీ రుచి తెలియడం లేదని, పళ్లు పెట్టుకుని తుమ్మితే భయంగా ఉందని. అవన్నీ ల్యాబ్‌కి మోసుకెళ్లేదాన్ని. భాటియా గారు మొదట విసుక్కున్నారు, తర్వాత తనే "దాదీ నే క్యా బోలా?" అని మామ్మ ఏమందో అడగడం మొదలుపెట్టారు. డాక్టర్ అరోరా ఆయనతో మాట్లాడి శనివారాలు నన్ను క్లినిక్‌కి పిలిపించుకున్నాడు. వారమంతా వెనక గదిలో మైనం, శనివారం మనుషులు. పాన్ నమిలే ఆయన్ని నమలమన్నాను, క్లాసులో పిల్లల మీద అరిచే టీచరమ్మని అరవమన్నాను. అరుపులకి పక్క దుకాణం వాళ్లు వచ్చి తలుపు కొట్టారు. నా చేయి తిరిగింది వెనక గదిలోనే, అది కాదనను. అక్కడి నిశ్శబ్దం నాకు ఇప్పటికీ ఇష్టం. కానీ ఎవరి కోసం చేస్తున్నానో చూసి వచ్చిన సోమవారాలు నా కత్తి వేరేగా కదిలేది.

మామ్మ చాలా ఏళ్లు పాడింది. ఆ పళ్లతోనే పోయింది, అమ్మే దగ్గరుండి పెట్టింది. తర్వాత నేను పెళ్లి చేసుకుని ఫరీదాబాద్ వచ్చాను, ఇక్కడో ల్యాబ్‌లో చేశాను, నడుం నొప్పి వచ్చి బల్ల వదిలేశాను. మునిర్కాలో మా ఇల్లున్న చోట ఇప్పుడు ఐదంతస్తులు లేచాయట. ఇప్పటి పళ్లు మిషన్లు చెక్కుతున్నాయి, నా చేతికంటే నున్నగా చెక్కుతున్నాయి, నాకేం ఈర్ష్య లేదు, సంబరంగానే ఉంది. ఒక్కటే తేడా. మామ్మ మొహమాటం ఒక కొంగు వెడల్పు ఉండేది, లాగితే వచ్చేసేది. నా ఐదు నక్షత్రాలు ఎక్కడికి పోయాయో, ఎవరు చూసి సంతోషించారో, లాగుదామంటే కొస దొరకదు.

అందుకని నిన్న మళ్లీ సాకేత్ వెళ్లాను. డాక్టరు బాబు కంగారుగా "మ్యామ్, ఎనీ ప్రాబ్లెమ్?" అన్నాడు. నా నోరు "నహీ బేటా" అనబోయింది. దాన్ని ఆపి, "ఈ పన్ను చేసినవాళ్లు ఎవరో ఒకసారి పిలుస్తావా?" అని అడిగాను. ఆయన వింతగా చూసి, లోపలి తలుపు తెరిచి ఎవరినో పిలిచాడు. కళ్లజోడు పెట్టుకున్న అమ్మాయి వచ్చింది, ఇరవై పైన ఏవో, కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని వంగిన భుజాలు. తప్పు చేసినదానిలా గుమ్మంలోనే నిలబడిపోయింది. "ఆంటీ, కుఛ్ గల్తీ హో గయీ?" అంది. నేను కుర్చీలో వెనక్కి వాలి, బ్యాగు ఒళ్లో పెట్టుకున్నాను.

"ఇట్రా అమ్మా, దగ్గరికి రా," అన్నాను హిందీలో. "నేను నవ్వితే నీ పన్ను నా బుగ్గ కొరుకుతోంది. ఇదిగో, చూడు." అని నోరు బార్లా తెరిచి, మునిర్కా డాబా అంతా వినపడేటట్టు నవ్వాను. ఆ అమ్మాయి ఉలిక్కిపడింది. తర్వాత రెండంగల్లో నా దగ్గరికొచ్చి, దీపం దగ్గరికి లాగి, నా నోట్లోకి వంగి వంగి చూడసాగింది. ఆ కళ్లు నాకు తెలుసు. "ఆంటీ," అంది ఇంకోసారి నవ్వమంటూ, "ఔర్ ఏక్ బార్ హసియే."